వెంట్రుకవాసి

రింగు కూర్చోవడం లేదు.
మూడు చెవుల్లో టక్కుమని గాడిలో పడింది.
నాలుగో దగ్గర మాత్రం
పిలవని పేరంటానికి వచ్చినదానిలా
గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇంకొక్క దెబ్బ వెయ్యి, అదే దిగుతుంది"
అంటాడు తుర్దుబాయ్.
అతని లారీ నిండా కరాకుల్‌కి పిండి బస్తాలు,
రెండు పొయ్యి గొట్టాలు,
బడికి ఒక గ్లోబు, చాపలో చుట్టి.
చీకటి పడేలోగా అక్‌బైతాల్ కనుమ దాటాలట.
"వెంట్రుకవాసే కదా ఏజే!"

ఐచురెక్, సుత్తి కింద పెట్టు.
ఆ వెంట్రుక కనుమ ఎక్కేదాకా ఊరుకుంటుంది.
దిగేటప్పుడు గిన్నె నడక మొదలెడుతుంది,
రోజుకింత, బయటికి.
ముందు కొస ఊడిందా,
షాఫ్టు గునపంలా రోడ్డులో దిగబడుతుంది,
లారీ దాని మీద లేస్తుంది.
నేను చూశాను. ఎవరిదో చెప్పను.

విప్పు. గిన్నె బయటికి తియ్యి, తిరగెయ్యకుండా.
టార్చి ఇటు పట్టు.
చూశావా, సూదులన్నీ గోడకి వీపు ఆనించి
బళ్లో పిల్లల్లా నిలబడ్డాయి,
ఒక్కటి మాత్రం అడుగున
అడ్డంగా పడుకుంది.
తప్పు దానిది కాదు. గ్రీజుది.
ఈ చలికి కొవ్వొత్తిలా బిగిసిపోయి
పట్టుకోవలసినదాన్ని పట్టుకోలేదు.
డబ్బా పొయ్యి పక్కన పెట్టమన్నాను పొద్దున్నే.
పెట్టాననే అన్నావు.

అలా అంటూండగానే
ఆ సూది ఆమె వేళ్లలోంచి జారింది.

ఇనప కంటైనరే మా షెడ్డు.
నేలంతా తుప్పు, రంపపు పొట్టు, యాక్ పిడకల పొడి.
అయస్కాంతం ఈడ్చాం, చీపురు ఈడ్చాం,
తుర్దుబాయ్ తన బూట్లు విప్పి దులిపాడు.
చివరికి నేను లారీ కింద వెల్లకిలా పడుకుని
టార్చి పైకి ఎత్తాను.

సూది కోసం సోదికెళ్లినట్టే అయింది.

ఫ్లాంజి చెవిలో, రంధ్రం అంచున,
ఉలిగాట్లు. మూడు.
మూడోది వంకరగా.
ఉలిని ఎడమచేత్తో పట్టేది
ఈ ఊళ్లో నేనొక్కదాన్నే.

పదకొండు చలికాలాల కిందట
ఇదే లారీ, వేరే డ్రైవరు.
రంధ్రం అరిగి గిన్నె వదులైంది.
కొత్త చెవి దొరకలేదు, ఓష్ రోడ్డు మూసేశారు,
నాకు డబ్బు కావాలి.
అంచుని ఉలితో నొక్కి బిగించేశాను.
"ఖోరోగ్ దాకా హాయిగా పోతుంది" అన్నాను.
ఖోరోగ్ ఏంటి,
పదకొండేళ్లు పోయింది.
అది నా పనితనం అనుకోవడానికి
కొంచెంసేపు ప్రయత్నించాను, అక్కడే పడుకుని.

బయటికొచ్చి చెప్పాను.
తుర్దుబాయ్ నవ్వలేదు, తిట్టలేదు.
"ఈ చెవి మీదేనా నేను
మా అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లింది?" అన్నాడు.
టీ పోశాను. ఇక్కడ నీళ్లు తొందరగా మరుగుతాయి,
టీ మాత్రం ఎప్పటికీ వేడెక్కదు.
చల్లారిపోయేదాకా ఇద్దరం కప్పులు పట్టుకునే ఉన్నాం.

మాంసం కొట్టు వెనక చచ్చిపడున్న లారీ ఒకటుంది.
దాని ఫ్లాంజి విప్పేసరికి అర్ధరాత్రి.
రెండు బోల్టులు రాలేదు, కోశాం.
తుర్దుబాయ్ పిండి బస్తాల మీద పడుకున్నాడు,
గ్లోబు తలకింద కాదు, పక్కన.

తెల్లారి ఐచురెక్ రొట్టె తుంచుతూ ఆగింది.
మణికట్టు దగ్గర, ఎండిన గ్రీజులో,
అతుక్కుని ఉంది సూది.
రాత్రంతా దాంతోనే నిద్రపోయింది.

ఈసారి గ్రీజు వెచ్చగా ఉంది.
వేలితో గిన్నె గోడకి పూసి
ఒక్కొక్కటే నిలబెట్టింది.
నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.
నాలుగో రింగు టక్కుమంది.
జాయింటు బిగుసుకుంది, కదలనంది.
ఇప్పుడు కొట్టొచ్చు, అన్నాను.
చెవి మీద, పైపైన,
నిద్రలో ఉలిక్కిపడ్డ పిల్లాడి వీపు తట్టినట్టు.
రెండు తట్లకి వదులైంది,
తన బరువుకి తానే వాలింది.
సుద్దగీతలు ఎదురెదురుగా కలిపి
షాఫ్టు ఎక్కించాం.

లారీ మలుపు తిరిగేదాకా విన్నాం.
గేరు మారిన చప్పుడు తప్ప ఏమీ లేదు.
ఆ తర్వాత గాలి.

పాత చెవిని పారెయ్యలేదు.
గాలికి కంటైనర్ తలుపు మూసుకోకుండా
కింద అడ్డం పెట్టాం.
పొద్దున వచ్చినప్పుడల్లా
దాన్ని కాలితో జరపాలి.